పీఠమెక్కిన దయ్యాల నవల

మా అమ్మ దయ్యాల నవలలు చదువుతుంది. పాడుబడిన బంగళా, సూదులు గుచ్చిన పిండిబొమ్మ, అమావాస్యనాడు శ్మశానంలో ముగ్గు వేసే మాంత్రికుడు, వాడి చేతికి చిక్కిన ఒక అందమైన అమ్మాయి, ఆమెను విడిపించడానికి జీపు వేసుకుని వచ్చే ఒక ఇన్‌స్పెక్టరు. ఇవన్నీ అమ్మకు ఇష్టం. నాకూ ఇష్టం. ఈ మాట రాసిన వెంటనే "కానీ" అంటూ మరొక వాక్యం మొదలుపెట్టడానికి చెయ్యి అలవాటుగా ముందుకు సాగుతుంది. కానీ మంచి పుస్తకాలు కూడా చదువుతాము. కానీ ఇది కాలక్షేపానికి మాత్రమే. ఆ తోకను నేను ఇక్కడ తగిలించను. ఇష్టం అన్న చోటే నా వాక్యం ముగుస్తుంది.

కాలేజీలో నేను డిబేట్ జట్టులో ఉన్నాను. బయటివాళ్లు అనుకున్నట్టు అక్కడ మాకు మొదట నేర్పింది గొంతు పెంచడం కాదు. ఎదుటివారు వాడిన పదానికి నిర్వచనం అడగడం. ఒక సాయంత్రం ప్రాక్టీసు ముగించుకుని క్యాంటీన్లో కూర్చున్నప్పుడు మా సీనియర్ ఒకడు, ఎవరి "గిల్టీ ప్లెజర్", అంటే సిగ్గుపడుతూనే ఇష్టపడేది, ఏమిటో వరసగా చెప్పమన్నాడు. ఒకమ్మాయి ఫోనులో తాను చదివే ప్రేమ సీరియల్ గురించి చున్నీతో ముఖం కప్పుకుని చెప్పింది. ఇంకొకడు తనకు డిటెక్టివ్ నవలలంటే పిచ్చి అని, అయితే వాటిని సూళ్లూరుపేట రైల్లో మాత్రమే చదువుతానని, ఇంట్లో ముట్టుకోనని అన్నాడు. రైల్లో చేసిన పని లెక్కలోకి రాదన్నట్టు. నా వంతు వచ్చింది.

"గిల్టీ అంటా ఉన్నావు. నేరమేది?" అన్నాను.

"ఏందబ్బా నీ గోల?"

"నేరముంటే ఫిర్యాది ఉండాల. ఎవరికి నష్టం జరిగింది? ఎవరు ఫిర్యాదు చేసినారు?"

"తల్లీ, టీ తాగు. చల్లారిపోతా ఉండాది," అన్నాడు సీనియర్.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. రాలేదన్న సంగతిని నేను మరిచిపోలేదు.

అమ్మది చిత్తూరు. పెళ్లికి ముందు ఈ నవలలు ఆమెకు అద్దె పుస్తకాల షాపులో దొరికేవట. ఇప్పుడు ఆ షాపులు లేవు. రేణిగుంటలో మా పిన్ని ఇంటికి వెళ్లినప్పుడల్లా, స్టేషను దారిలో పాత పుస్తకాలు పరుచుకుని కూర్చునే ఒకాయన దగ్గర అమ్మ ఆగుతుంది. ఆయన పోటీ పరీక్షల గైడును ఉత్తగానే, ఏ కాగితమూ చుట్టకుండా, చేతికిస్తాడు. వంటల పుస్తకాన్నీ ఉత్తగానే ఇస్తాడు. అమ్మ ఎంచుకున్న నవలను మాత్రం, ఎవరూ అడగకుండానే, పాత పేపరులో చుట్టి ఇస్తాడు. మందుల షాపులో ఆడపిల్లలు కొనే కొన్ని వస్తువులను నల్ల కవర్లో వేసి ఇస్తారే, సరిగ్గా ఆ మర్యాదతో. ఒకసారి నేను, "చుట్టొద్దన్నా, అట్లే ఇవ్వు," అన్నాను. ఆయన అమ్మ వైపు చూశాడు. అమ్మ నా వైపు చూడకుండా, "చుట్టియ్యప్పా," అంది.

ఆ నవలలను మేమిద్దరం ఎలా చదువుతామో కూడా చెప్పాలి. రుచి చెప్పకుండా రుచిని సమర్థించడం నాకు నచ్చదు. మొదట అమ్మ చదువుతుంది. మధ్యాహ్నం పని ముగిసి, వంటింటి వెనక గడప మీద కూర్చుని, కూరకు చిక్కుళ్ల ఈనెలు తీస్తూ తీస్తూ ఒక పేజీ తిప్పుతుంది. భయపడే చోటు వస్తే పుస్తకం మూసి, లోపలికి వెళ్లి చెంబెడు నీళ్లు తాగి, మళ్లీ వచ్చి అదే పేజీ తెరుస్తుంది. తరువాత నేను చదువుతాను. పాత పుస్తకాలు కాబట్టి చివరి పేజీలు తరచుగా ఉండవు. అప్పుడు ముగింపు మా ఇద్దరి మధ్య తగాదా అవుతుంది. నేను మాంత్రికుడికి న్యాయబద్ధంగా శిక్ష పడాలంటాను. "కోర్టా? దయ్యానికి సాచ్చిగాల్లను యాడ తెస్తారు?" అంటుంది అమ్మ. ఆమె ముగింపుల్లో ఇన్‌స్పెక్టరు ఎప్పుడూ చచ్చిపోతాడు, ఆ అమ్మాయి ఒక్కతే జీపు నడుపుకుంటూ ఊరికి తిరిగి వస్తుంది. జీపు నడపడం ఆ అమ్మాయికి ఎప్పుడు వచ్చిందని నేను అడుగుతాను. "అంత సావు సూసినాక జీపు ఒక లెక్కా?" అంటుంది. అచ్చయిన ముగింపుల్లో చాలావాటికన్నా అది మేలైనదని నేను ఇప్పటికీ అంటాను.

ఇంటికి చేరాక ఆ పేపరు చుట్ట పోయి అట్ట వచ్చేది. మా నాయన దేవస్థానం ఆఫీసులో ఉద్యోగి. తిరుపతిలో అటువంటి ఇళ్లలో ఎన్నడూ కొరత లేని వస్తువు క్యాలెండరు. నెల గడిచిపోయిన కాగితాన్ని చించితే దాని మీద స్వామి ఉంటాడు. చెత్తలో వేయకూడదు, పొయ్యిలో పెట్టకూడదు, కాలికి తగలకూడదు. మరేం చేయాలి? పుస్తకాలకు అట్టలు వేయాలి. స్వామి ముఖాన్ని లోపలికి మడిచి చీకట్లో ఉంచడం మా నాయనమ్మకు నచ్చేది కాదు గనుక, బొమ్మ పైకే ఉండాలన్నది మా ఇంటి నియమం. నా స్కూలు పుస్తకాలకు అవే అట్టలు. అమ్మ నవలలకూ అవే అట్టలు. చిరగకుండా అని అమ్మ అంటుంది, కనబడకుండా అని నాయన అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఇక్కడొక చిక్కు ఉంది. స్వామి బొమ్మ ఉన్న పుస్తకాన్ని మంచం మీద పడేయలేము, నేల మీద పెట్టలేము, దిండు కింద దాచలేము. ఎత్తయిన, శుభ్రమైన చోట ఉంచాలి. మా ఇంట్లో అటువంటి చోటు ఒక్కటే: దేవుడి అలమరలో పై అర. ఆ విధంగా, సిగ్గుపడి దాచుకున్న పుస్తకాలు ఇంట్లో అన్నిటికన్నా పవిత్రమైన అరలో, పారాయణ పుస్తకం పక్కన కొలువుతీరాయి. ప్రతి మెట్టు దగ్గరా సరిగ్గా ఉన్న తర్కం చివరకు మనల్ని విచిత్రమైన చోట దించడం పోటీల్లో చాలాసార్లు చూశాను. ఇంట్లో చూడటం అదే మొదలు.

ఆ పారాయణం సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అమ్మకు పోగొట్టుకోవడానికంటూ ఏదైనా ఉంటే అది అక్కడే ఉంది. ధనుర్మాసంలో మా వీధి ఆడవాళ్లు తెల్లవారకముందే స్నానాలు చేసి రోజుకొక ఇంట్లో కూడతారు. ఆనాటి పాశురాన్ని అందరూ కలిసి పాడతారు. తరువాత ఒకరు చెక్క పీఠం ముందు కూర్చుని, పుస్తకంలోని అర్థం చదివి వివరిస్తారు. కొన్నేళ్లుగా ఆ పీఠం ముందు కూర్చునేది అమ్మ. ఆమె చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. ఇంట్లో ఆమె మాట మొదలుపెడితే నాయన టీవీ శబ్దం తగ్గించడు. నేను సగం వినేలోపే ఎదురుప్రశ్న వేస్తాను. ఏడాదిలో ఆ ఒక్క నెల మాత్రం డిగ్రీలు చదివినవాళ్లు, ఆఫీసర్ల భార్యలు, ఎవరి మాటా వినని అత్తగార్లు, అందరూ నోరు మెదపకుండా అమ్మ మాట వింటారు. గోపికలు నిద్రపోతున్న స్నేహితురాలి తలుపు తట్టే ఘట్టం దగ్గర అమ్మ ఆగుతుంది. గొంతు తగ్గిస్తుంది. "పిలిచినారు. లోపల్నించి పలుకు లేదు," అంటుంది. హాలులో అందరి మెడలూ ముందుకు సాగుతాయి. మా ఇంటి వంతు రోజున వరండాలో కూర్చున్న నాయన మెడ కూడా.

మా వీధి పద్ధతిలో పీఠం మీద పుస్తకాన్ని ఉంచేది చదివే మనిషి కాదు. ఆ పని అందరిలోకీ పెద్దదైన టీచరమ్మది. హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన ఆమెను వీధంతా టీచరమ్మ అనే పిలుస్తుంది. ఎవరింట్లో పారాయణమో ఆ ఇంటి పుస్తకాన్ని ఆమె అరలోనుంచి తీసి, పీఠం మీద ఉంచి, చందనం పెట్టి, తులసి వేసి, హారతి ఇస్తుంది. అందరూ హారతి కళ్లకద్దుకున్న తరువాతే పుస్తకం తెరవాలి. అంతవరకు తెరిచి చూడటం మర్యాద కాదు.

ఆ రోజు మా ఇంటి వంతు. అమ్మ వంటింట్లో కట్టె పొంగలికి నేతిలో మిరియాలు, జీడిపప్పు వేయిస్తున్నది. హాలు నిండా ఆడవాళ్లు, చలికి కొంగులు భుజాల నిండా కప్పుకుని కూర్చున్నారు. టీచరమ్మ అలమర తెరిచింది. ఆ ఏడాది నాయనకు ఒకే రకం క్యాలెండర్లు రెండు వచ్చాయి. అందుచేత పై అరలో ఒకే బొమ్మ అట్టతో, ఇంచుమించు ఒకే మందంతో, రెండు పుస్తకాలు పక్కపక్కనే ఉన్నాయి. టీచరమ్మ తన చేతికి మొదట తగిలినదాన్ని తీసింది, రెండు చేతులా పట్టుకుని కళ్లకద్దుకుంది, పీఠం మీద ఉంచింది. నేను పక్కనే ఉండి చూశాను. అనుమానం రాలేదు. స్వామి బొమ్మ ఉంది; అంతకన్నా చూడవలసింది ఏముంది?

చందనం పెట్టారు. తులసి వేశారు. గంట మోగింది. శవాలు లేచి తిరిగే ఆ నవలకు కర్పూర హారతి జరిగింది. అందరూ కళ్లకద్దుకున్నారు. నేనూ అద్దుకున్నాను.

"ఏమ్మా, ఇంకా కాలేదా?" టీచరమ్మ వంటింటి వైపు కేక వేసింది.

"వచ్చేస్తా ఉండా టీచరమ్మా! ఇడిస్తే నెయ్యి మాడిపోతాది, ఒక్క నిమిసం!"

"సరే, నువ్వు వచ్చేలోపు నేను మొదలుపెడతాలే."

ఆమె కళ్లజోడు సవరించుకుని, గుర్తుగా పుల్ల పెట్టి ఉన్న చోట పుస్తకం తెరిచింది. జీవితమంతా తరగతి గదిలో పాఠం చదివిన గొంతు అది. అర్థం కన్నా రెండడుగులు ముందు నడుస్తుంది. పారాయణ రాగంలోనే అందుకుంది:

"శవం మెల్లగా కళ్లు తెరిచింది. నా పట్టుచీర ఎవరు కట్టుకున్నారు, అని అడిగింది."

చివర దీర్ఘం కూడా తీసింది. ఆ దీర్ఘం మధ్యలో ఆమెకు విషయం తెలిసివచ్చింది.

రెండో వరుసలో మూలింటి ఆమె, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు, "ఎవురు కట్టుకున్యారంట?" అంది.

"ఊరుకో మే!" పక్కనున్నామె మోచేత్తో పొడిచింది. వెనక ఎవరో కొంగు నోట్లో కుక్కుకున్నారు. నవ్వుకో భయానికో తెలియదు.

టీచరమ్మ పుస్తకం మూసింది. అట్ట మీది స్వామిని చూసింది. మళ్లీ తెరిచి, మొదటి పేజీలో నవల పేరు చూసి, మళ్లీ మూసింది. కోప్పడలేదు. తులసి దళాన్ని రెండు వేళ్లతో తీసి అరచేతిలో పెట్టుకుంది. దాన్ని ఇప్పుడు ఎక్కడ వేయాలో ఆమెకు తోచలేదు.

"ఇదెవరిది?" అంది.

అప్పటికి అమ్మ పొంగలి గిన్నెను గుడ్డతో పట్టుకుని గడపలో నిలబడి ఉంది. ఆమె కన్నా ముందు వరండాలోనుంచి నాయన గొంతు వచ్చింది.

"పాపది టీచరమ్మా! కాలేజీ పిల్లోల్లు గదా, ఏవేవో తెస్తా ఉంటారు. యాడ పెట్టాల్నో తెలీదు."

అందరి ముఖాలూ నా వైపు తిరిగాయి. ఆ ముఖాల్లో ఊరట కనిపించింది. "అట్ల సెప్పు మరి," అన్నారెవరో. వాదనలో ఎదుటివారి మాటకు బదులివ్వకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. అయినా నేను బదులివ్వలేదు. అది నాది కాదని చెప్పడమంటే ఎవరిదో చెప్పడమే. ఆ మాట చెప్పే హక్కు నాది కాదు. ఆ హక్కు ఉన్న మనిషి గిన్నెతో అక్కడే నిలబడిపోయింది. టీచరమ్మ అసలు పుస్తకం తీసింది. మళ్లీ చందనం, మళ్లీ తులసి, మళ్లీ హారతి. ఆ రోజు అమ్మ అర్థం చెప్పింది, తల ఎత్తకుండా, ఎక్కడా ఆగకుండా, బస్సు వేళలు చదివినట్టు.

అందరూ వెళ్లిపోయాక నేను అందుకున్నాను.

"నాయనా, అది నాదని ఎందుకు చెప్పినావు?"

"నీకు పొయ్యేదేముండాది? నీదంటే నవ్వి ఊరుకుంటారు. మీ అమ్మదంటే పీఠం పోతాది."

"అదే అడగతా ఉండా. నాదంటే నవ్వేవాళ్లు అమ్మదంటే ఎందుకు నవ్వరు?"

"నువ్వు పిల్లవి."

"పిల్ల చదివితే ముచ్చట, పిల్ల తల్లి చదివితే తప్పు. పుస్తకం ఒకటే కదా?"

"ఇది డిబేటు కాదమ్మా. ఇల్లు."

"పొద్దున పేపరు తీస్తే నువ్వు మొదట చూసేది యాడ ఎవరు ఎవరిని నరికినారనే పేజీ. దానికి అట్ట వేసుకుంటావా?"

"అది వార్త! నిజంగా జరిగింది!"

"అంటే నిజంగా చంపితే చదవచ్చు, ఉత్తుత్తిగా చంపితే చదవగూడదు. ఇదేనా నియమం?"

నాయన అమ్మ వైపు తిరిగి, "సూస్తివా మే, ఫీజు కట్టి మరీ నేర్పించినాం," అన్నాడు. అమ్మ నవ్వలేదు. పొంగలి గిన్నె అడుగు గీకుతూ, "పాప పేరు ఎందుకు తెస్తివి?" అని మాత్రం అడిగింది. దానికి నాయన చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది, ఎందుకంటే దానిలో ప్రేమ ఉంది.

"ఆ పీఠం కాడ కూర్సున్నప్పుడు నీ మొగం నువ్వు సూసుకోలేదు మే. నేను సూసినా. అది పోగూడదని."

ఆ మధ్యాహ్నం టీచరమ్మ వచ్చింది. అమ్మ ఇచ్చిన కాఫీ గ్లాసు అందుకుంటూ నెమ్మదిగా అంది: "పాపది కాదు గదమ్మా అది. పేజీల నిండా పసుపు వేళ్ల గుర్తులే."

అమ్మ ఔనన్నట్టు తల ఊపింది.

"నేనేమీ అనుకోను. నాలుగ్గోడల మధ్య ఎవరేం చదివితే ఎవరికి కావాల? అయితే నువ్వు పీఠం ముందర కూర్చునే మనిషివి. మధ్యాన్నం ఈ శవాలూ చేతబడులూ చదివిన నోటితోనే గదా తెల్లారి స్వామి మాట చెప్పేది? నలుగురూ అడిగితే నేనేం చెప్పాల?"

ఇది వాదనే, గౌరవించదగిన వాదన. దీనికి జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. ఉదయంనుంచీ దాన్నే పదును పెడుతున్నాను.

"టీచరమ్మగారూ, ఒక ప్రశ్న. అమ్మ చెబితే అందరూ ఎందుకు వింటారు? తలుపు తట్టే చోట ఆగుతుంది, గొంతు తగ్గిస్తుంది. అట్లా ఆగమని మీ పారాయణ పుస్తకంలో ఉందా? లేదు. ఆ నవలల్లో ఉంది. ప్రతి అధ్యాయాన్నీ తలుపు దగ్గరే ఆపుతారు. మీరు మెచ్చుకునే గొంతు వెనక మీరు వద్దంటున్న పుస్తకాలే ఉన్నాయి."

గెలిచాననుకున్నాను. టీచరమ్మ ముఖం నిజంగా వెలిగింది.

"బాగా చెప్పినావు పాపా. అట్లే చెబుదాం అందరికీ. కథ చెప్పే మెళకువ కోసం చదివింది, ఆ మెళకువ వచ్చేసింది, ఇంక వాటితో పని లేదు అని. ఏమ్మా? అంతే గదా?"

నా ఓటమి ఎంత పెద్దదో ఆ గదిలో నాకే మొదట అర్థమైంది. అమ్మ ఇష్టానికి నేను ఒక ఉపయోగాన్ని పూచీగా చూపించాను. పూచీ చెల్లిపోయిన రోజున ఇష్టం ఇల్లు ఖాళీ చేయాలి. ప్రేమ నవలలు చదివితే భాష మెరుగవుతుందనీ, డిటెక్టివ్ నవలలు చదివితే బుర్ర పదునెక్కుతుందనీ మన తరఫున వాదించే పెద్దమనుషులు మనకు చేసే సాయం ఇదే. వాళ్లు నేరాన్ని కొట్టివేయించరు, శిక్ష తగ్గించమని వేడుకుంటారు. తలలో మల్లెపూలు పెట్టుకున్న మనిషిని ఎవరూ దేనికి పనికొస్తాయని అడగరు. ఒక పుస్తకం పట్టుకుని నవ్వుకుంటున్న, భయపడుతున్న మనిషిని మాత్రం అడుగుతారు. అడిగితే మనం గబగబా ఏదో ఒక ప్రయోజనాన్ని వెతికి చూపిస్తాము. నేనూ అదే చేశాను, చాలా నేర్పుగా.

దాన్ని సరిదిద్దాలని నోరు తెరవబోయాను. అమ్మ చెయ్యి నా మోకాలి మీద పడింది.

"మెళకువ కోసం సదవలేదు టీచరమ్మా," అంది. "బాగుంటాయని సదివినా."

"సరేలే, చదివినావు. ఇంక చదవనని ఒక్క మాట చెప్పు. నాకు చాలు. మిగతాది నేను చూసుకుంటా."

ఆ పీఠం ఆమెకు ఎంత కావాలో నాకు తెలుసు. ఒక్క మాట అంటే అది మిగులుతుంది. అబద్ధమైనా సరిపోతుంది, ఆ తరువాత మరింత జాగ్రత్తగా దాచుకుని చదువుకోవచ్చు. ఎంతమంది అట్లా బతకడం లేదు? ఆ మాట అనేస్తుందేమోనని నాకు భయం వేసింది. అనకపోతే ఏమవుతుందోనని అంతకన్నా భయం వేసింది.

"సదువుతా టీచరమ్మా," అంది అమ్మ. "ఇది అయిపోతే ఇంకోటి సదువుతా. సదవనని ఇప్పుడు మీ ముందర సెప్పి, తెల్లారి అదే నోటితో స్వామి మాట సెప్పేదానికి నాకు రాదు."

"అయితే పీఠం?"

"పీఠం పెట్టేది మీరు. ఎవురి ముందర పెట్టాల్నో మీరే సూసుకోండి."

"మొండిదానివి," అంది టీచరమ్మ. కాఫీని పూర్తిగా తాగింది. లేచి, గడప దాటుతూ, వెనక్కి తిరగకుండా అంది: "రేపు మా ఇంట్లో. అర్థం నేనే చెబుతాలే."

అమ్మ ఆ గ్లాసును కడిగింది. కడిగిన గ్లాసునే మళ్లీ కడిగింది. జట్టులో నేను ఓడిపోయిన పోటీలు ఉన్నాయి. ఓడినవాళ్ల దగ్గర ఎట్లా కూర్చోవాలో నాకు తెలుసు. అమ్మ దగ్గర ఎట్లా కూర్చోవాలో ఆ సాయంత్రం తెలియలేదు, ఎందుకంటే ఆమె ఓడిపోలేదు. తనకు ప్రియమైనదాన్ని పోగొట్టుకుంది. ఆ రెండూ వేరు.

మరునాడు తెల్లవారకముందే బకెట్టు చప్పుడుకు మెలకువ వచ్చింది. అమ్మ తలస్నానం చేసి జుట్టు ముడి వేసుకుంటున్నది.

"యాడికి మే?" అన్నాడు నాయన దుప్పట్లోనుంచి.

"పారాయణానికి."

"పీఠం ఇయ్యరంట గదా?"

"పీఠం ఇయ్యరు. రావద్దన్లేదు గదా."

"అందరూ ఏమనుకుంటారో ఏమో..."

"పోకపోతేనే అనుకుంటారు. తప్పు సేసి ఇంట్లో కూర్సునిందని. నేను తప్పు సేయలేదు."

నేను స్వెట్టరు వేసుకుని వెంట నడిచాను. టీచరమ్మ ఇంట్లో అందరూ అప్పటికే కూర్చుని ఉన్నారు. పీఠం ముందు టీచరమ్మ. అమ్మ లోపలికి రాగానే మాటలు ఆగిపోయాయి. చివరి వరుసలో ఎవరో కాళ్లు ముడుచుకుని చోటిచ్చారు. అమ్మ అక్కడ కూర్చుంది, గోడకు ఆనుకోకుండా, నిటారుగా. పాశురం మొదలైనప్పుడు అందరికన్నా ముందుగా అందుకున్నది ఆమె గొంతే. టీచరమ్మ అర్థం చెప్పింది. సరిగ్గా, తప్పుల్లేకుండా, పాఠం చెప్పినట్టు చెప్పింది. అందరూ పాఠం విన్నట్టు విన్నారు. అమ్మ వంక నేను దొంగచూపులు చూశాను. ఆమెకు బాధ లేదని రాయను. ఒడిలో ఉన్న చేతి వేళ్లు, అర్థం తానే చెబుతున్నట్టు, ఆగవలసిన చోట ఆగుతున్నాయి, కదలవలసిన చోట కదులుతున్నాయి. బాధ ఉంది. సిగ్గు లేదు. ఒకదాన్ని చూసి రెండోదని పొరబడటం మనకు బాగా అలవాటు.

ఆ నెలంతా అమ్మ చివరి వరుసలోనే కూర్చుంది. ఒక్క రోజూ మానలేదు. పీఠం తిరిగి రాలేదు. వచ్చే ఏడాది వస్తుందో రాదో ఎవరూ చెప్పలేదు, అమ్మ అడగలేదు. టీచరమ్మను నేను తప్పు పట్టను. ఆమె తన నియమానికి కట్టుబడింది, మాట దాచలేదు, వీధిలో అమ్మను పల్లెత్తు మాట అననివ్వలేదు. నా వాదం ఆమెతో కాదు. ఇష్టపడటానికి ముందే సంజాయిషీ సిద్ధం చేసుకోవాలని మనందరికీ నూరిపోసిన ఆ కనిపించని ఫిర్యాదితో. నేను పిలుస్తూనే ఉన్నాను. ఇంతవరకు ఎదుటికి రాలేదు.

అమ్మ ఇప్పుడు వంటింటి వెనక కాదు, మధ్యాహ్నం నీడ పడ్డాక వీధి అరుగు మీద కూర్చుని చదువుతుంది. మొన్న టీచరమ్మ పాల ప్యాకెట్టుతో అటు పోతూ ఆగింది.

"ఏమ్మా, చదువుతా ఉండావా?"

"అవును టీచరమ్మా," అంది అమ్మ, తల ఎత్తి ఆమెను సూటిగా చూసి. "కూర్సోండి, కాఫీ పెడతా."

"వద్దులే, పాలు ఇరిగిపోతాయి," అని టీచరమ్మ నడిచిపోయింది. అమ్మ తల వంచి పేజీ తిప్పింది.